నువ్వు తిని చెప్పు

మా ఇంట్లో వంట మొదటినుంచీ ఆయనదే. నాకు రాదని కాదు, ఆయనకు ఇష్టం. పెళ్లయిన కొత్తలో మా అత్తగారికి ఇది మింగుడు పడలేదు గానీ, కొడుకు వండిన గోంగూర మాంసం తిన్నాక ఆవిడ కూడా ఏమీ అనలేదు. అమెరికా వచ్చి కాపెల్ అనే ఊళ్లో ఇల్లు కొనుక్కున్నాక శనివారం వచ్చిందంటే మా వీధి నిండా కార్లే. ఆయన ఆఫీసు పిల్లలు, మా అమ్మాయి స్నేహితుల అమ్మానాన్నలు, ఇండియా నుంచి పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్లు, అందరూ భోజనానికి వచ్చేవాళ్లు. ఎప్పుడైనా నేను వంట మొదలుపెడితే, గరాజ్‌లో కారు దిగుతూనే పొయ్యి మీద ఏముందో, అది ఎంతవరకు వేగిందో చెప్పేసేవారు. "మెంతులు మాడుతున్నాయి, సిమ్‌లో పెట్టు" అని అక్కణ్నుంచే కేక. నాకు ఒళ్లు మండేది.

స్పెయిన్ ఆయన తలకెక్కింది కూడా తిండి వల్లే. ఆయన టీమ్‌లో ఒక అమెరికన్ పెద్దావిడ రిటైరయ్యాక స్పెయిన్ వెళ్లి, యాత్రికులు నడిచే పాతదారి ఒకటి నడిచి వచ్చింది. వందల ఏళ్లుగా జనం ఊరూరూ దాటుకుంటూ సాంతియాగో అనే ఊళ్లోని పెద్ద చర్చికి నడిచి వెళ్తారట. ఆవిడ ఒకరోజు అందర్నీ చూడ్డానికి ఆఫీసుకు వచ్చి, లంచ్‌లో ఫోటోలు చూపించింది. అందులో చర్చీలూ కొండలూ ఈయనకు ఆనలేదు. చెక్కపళ్లెంలో ఎర్రటి కారం చల్లిన ఆక్టోపస్ ముక్కలు, మట్టిమూకుడులో వెల్లుల్లి చారు. ఇంటికొచ్చి వాటి గురించే చెప్పారు.

"ఒక్కో ఊరికి ఒక్కో వంటట. పొద్దున లేచి నడవడం, ఆకలేసిన చోట ఆ ఊరిది తినడం. ఇంతకంటే ఏం కావాలి మనిషికి?" అన్నారు.

వీసా కావాలి. మేం అప్పుడు అమెరికాలో హెచ్‌వన్ ఉద్యోగ వీసా మీద ఉన్నాం. దేశం దాటితే తిరిగి రావడానికి పాస్‌పోర్ట్‌లో మళ్లీ వీసా స్టాంపింగ్ చేయించుకోవాలి. మాకు తెలిసిన ఒకాయన చెల్లెలి పెళ్లికని ఇండియా వెళ్లి, స్టాంపింగ్ ఆగిపోయి నెలల తరబడి అక్కడే చిక్కుకుపోయాడు. ఇక్కడ ఉద్యోగం పోయింది. ఆ సంగతి చూశాక ప్రతి ఏడూ మాది ఒకటే మాట: గ్రీన్‌కార్డ్ వచ్చాక వెళ్దాం. ఒక ఏడాది మాత్రం ఏదైతే అదయిందని తెగించి ఇద్దరం లీవ్ తీసుకున్నాం, నడకబూట్లు కొన్నాం. సరిగ్గా అప్పుడే ఆయన కంపెనీలో లేఆఫ్‌లు మొదలయ్యాయి. లాయర్‌ని అడిగితే "ఇప్పుడు ట్రావెల్ చేయకపోవడమే మంచిది" అన్నాడు. ఆ బూట్లు వేసుకుని మా కాలనీ చుట్టూ, చెరువు పక్క ట్రెయిల్ మీద తిరిగాం. అవి అక్కడే అరిగిపోయాయి.

చివరికి గ్రీన్‌కార్డ్ వచ్చింది. అది వచ్చిన చలికాలంలోనే ఆయనకు జ్వరం వచ్చింది. అందరికీ వచ్చినట్టే వచ్చింది, అందరికీ తగ్గినట్టే తగ్గింది. వాసన మాత్రం పోయింది. మొదట్లో నవ్వుకున్నాం కూడా. నాలుగు వారాల్లో వచ్చేస్తుందన్నారు, అందరికీ వచ్చేస్తోంది కదా అనుకున్నాం. ఆయనకు రాలేదు. డాక్టర్ చిన్న చిన్న సీసాల్లో నిమ్మ, లవంగం, గులాబీ వాసనలిచ్చి పొద్దునా సాయంత్రం పీల్చమన్నారు. సీసా మూత తీసి, కళ్లు మూసుకుని, ఆయన ఎంతో శ్రద్ధగా పీల్చేవారు. నేను పక్కన నిలబడేదాన్ని. "ఏదీ లేదు" అని మూత పెట్టేసేవారు.

నాలుకకి ఉప్పు, పులుపు, తీపి తెలిసేవి. కారం మంట తెలిసేది. అంతే. "చింతపండుకీ నిమ్మకాయకీ తేడా లేదు. రెండూ పులుపే" అన్నారు ఒకరోజు, ఏదో లెక్క తేలిన మనిషిలా. నెమ్మదిగా వంట మానేశారు. శనివారాలు మా ఇంటికి రావడం జనమూ మానేశారు, ఎవరూ ఏమీ అనకుండానే. పెరుగన్నం కలుపుకుని ఫోన్ చూస్తూ తినేసేవారు. "ఆకలేస్తుంది గానీ ఏం తినాలనుందో తెలియదు. అదొక్కటే చిత్రంగా ఉంది" అని మాత్రం ఒకసారి అన్నారు.

మా అమ్మాయి వేరే స్టేట్‌లో చదువుకుంటోంది. ఫోన్‌లో వాళ్ల నాన్నని నిలదీసింది. "నాన్నా, ఇప్పుడు గ్రీన్‌కార్డ్ ఉంది కదా. స్పెయిన్ ఎందుకు వెళ్లట్లేదు?"

"తిండి తెలియనివాడికి స్పెయిన్ ఎందుకే?"

"వెయిట్ చేస్తే ఏం అవుతుంది? సీరియస్‌గా అడుగుతున్నా."

మర్నాడు ఆయన కాఫీ తాగుతూ (అది కాఫీ అని ఆయనకు వేడిని బట్టి, చేదును బట్టే తెలుస్తుంది) నాతో అన్నారు. "నడవడానికి ముక్కెందుకులే. టికెట్లు బుక్ చేయి."

దారి మొత్తం నడిచేంత లీవ్ లేదు. లెయోన్ అనే ఊరి నుంచి మొదలుపెట్టాం. జూన్ నెల. మొదటి సాయంత్రం ఒక బార్‌లో కూర్చుంటే, మేము అడక్కుండానే పానీయంతో పాటు ఒక చిన్న మట్టిమూకుడు తెచ్చి పెట్టారు. ఆ ఊళ్లో అది మామూలట. చూస్తే వెల్లుల్లి చారు. ఎండిన రొట్టె ముక్కలు నాని మెత్తబడ్డాయి, పైన గుడ్డు, ఎర్రటి నూనె తేలుతోంది. ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాను. అంత రుచిగా ఉంటుందని అనుకోలేదు. ఆయన వైపు చూసి చెంచా కింద పెట్టేశాను.

"బాగుందా?" అన్నారు.

"పర్లేదు."

"అబద్ధం. నీ మొహం నాకు తెలియదా? ఇక్కణ్నుంచి సాంతియాగో దాకా ఇలాగే మొహం దాచుకుంటూ తింటావా?" మూకుడు నా వైపు జరిపారు. "నువ్వు తిని చెప్పు. అందులో ఏముందో చెప్పు."

"వెల్లుల్లి."

"అది నాకూ కనిపిస్తోంది. వేయించి వేశారా, ఉడికించారా?"

మళ్లీ తిన్నాను. వేయించినదే, కానీ ఎర్రబడనివ్వలేదు అన్నాను. కారం ఎలాంటిదని అడిగారు. మన గుంటూరు కారంలా మండడం లేదు, రంగు మాత్రం అంతకంటే ఎక్కువ అన్నాను. ఇంకా ఏదో ఉంది, పొగ వాసన. కట్టెల పొయ్యిలో ఎండుమిర్చి కాల్చి రోట్లో నూరితే వస్తుందే, అది. ఆయన ముందుకు వంగి విన్నారు. "మిరపకాయల్ని పొగ మీద ఎండబెడతారన్నమాట" అన్నారు. అప్పుడు తను ఒక చెంచా తిన్నారు. నేను చెప్పినదాన్ని నోట్లో వెతుక్కుంటున్నట్టు చాలాసేపు నమిలారు.

ఆ రోజు నుంచి అదే మా పద్ధతి అయింది. పొద్దున్నే లేచి, గోధుమ చేల మధ్య నడిచి, ఏ ఊళ్లో ఆగితే ఆ ఊళ్లో నేను ముందు తినేదాన్ని, ఆయన అడిగేవారు. ఇన్నేళ్లూ వండినవాడు ఆయన, తిన్నదాన్ని నేను. "బాగుంది", "ఉప్పెక్కువైంది" తప్ప ఇంకో మాట నాకు ఎప్పుడూ అవసరం పడలేదు. ఇప్పుడు ఉల్లిపాయలు, బంగాళదుంపలు వేసిన మందపాటి ఆమ్లెట్ తిని దానికి మాటలు వెతుక్కోవాలి. "బంగాళదుంపలు నూనెలో వేగలేదు, నూనెలో ఉడికాయి" అన్నానొకసారి. "శభాష్, ఇప్పుడు దారిలో పడ్డావు" అన్నారు.

అస్తోర్గా అనే ఊళ్లో తిన్న భోజనం గురించి చెప్పాలి. అక్కడ విందు తిరగేసి వడ్డిస్తారు. ముందు ఉడికించిన మాంసాలు, తర్వాత కాబూలీ శనగలూ క్యాబేజీ, అన్నిటికంటే చివర చారు. పూర్వం కంచరగాడిదల మీద సరుకు తోలుకెళ్లేవాళ్లు దారిలో చల్లటి మాంసం తినేసి, తర్వాత సత్రంలో వేడి చారు తాగేవాళ్లట, అందుకని అలా వచ్చిందని వడ్డించే ఆవిడ చెప్పింది. నేను గొడ్డుమాంసం, పందిమాంసం తినను. పళ్లెంలోంచి కోడిముక్కలు ఏరుకుని, శనగల మీద పడ్డాను. ఆయన అన్నీ తిన్నారు. దేన్ని ఎలా కోశారో, ఏది ఎంతసేపు ఉడికిందో పళ్లతో కనిపెట్టారు. "ఈ శనగలు చూడు, తోలు ఊడలేదు, లోపల వెన్నలా ఉంది. ఇలా ఉడకబెట్టడం నాకు ఒక్కసారీ కుదరలేదు" అన్నారు. జ్వరం వచ్చిన తర్వాత ఆయన ఒక తిండిని మెచ్చుకోగా నేను వినడం అదే మొదలు. చారు వచ్చేసరికి ఇద్దరికీ కడుపులు నిండిపోయాయి. అయినా తాగాం.

అక్కణ్నుంచి దారి కొండెక్కుతుంది. కొండ మీద ఒక చిన్న ఊరు. సగం ఇళ్లు కూలిపోయి ఉన్నాయి. మేం దిగిన యాత్రికుల సత్రంలో అందరూ కలిసి వండుకుని తినాలి. సత్రం నడిపే ఆవిడకు మా వయసే ఉంటుంది. ముక్కలు ముక్కలుగా ఇంగ్లిష్ వచ్చు. పెద్ద గిన్నెలో మసూర్ లాంటి పప్పు ఉడుకుతోంది. ఎవరైనా ఉల్లిపాయలు కోస్తారా అని అడిగింది. ఈయన లేచారు. నేను ఆశ్చర్యపోయాను. కత్తి పట్టుకుని ఏడాది దాటింది మరి.

ఉల్లిపాయలు కోశారు. తర్వాత సైగలతో, నాలుగు మాటలతో ఆవిడకు ఏదో చెప్పి బాణలి అడిగారు. మన తిరగమోత పెడతానని. ఆవిడ నవ్వి బాణలి ఇచ్చింది, బయట ఆరేసిన గుడ్డలు తీసుకురావడానికి వెళ్లింది. నేను పక్క గదిలో కంచాలు సర్దుతున్నాను. నూనె కాగాక వెల్లుల్లి వేసిన చప్పుడు విన్నాను. అంతలో ఒక కొరియన్ కుర్రాడు వచ్చి ఆయనను ఏదో అడిగినట్టున్నాడు, ఆయన అటు తిరిగి, తీరిగ్గా వివరిస్తున్నారు. మాడు వాసన నాకు తగిలింది. నేను కదిలేలోపే ఆవిడ గుడ్డలు పడేసి పరిగెత్తుకొచ్చి పొయ్యి కట్టేసింది. వెల్లుల్లి బొగ్గయిపోయింది. వంటింటి నిండా పొగ.

ఆయన బాణలి వంక చూస్తూ నిలబడిపోయారు. ఎన్నో గదుల అవతల మెంతులు మాడితే చెప్పే మనిషి. "సారీ" అన్నారు ఇంగ్లిష్‌లో. తర్వాత తన ముక్కును వేలితో చూపించి, చెయ్యి అడ్డంగా ఊపారు. లేదు, పనిచేయదు అని. ఆయన ఆ సైగ చేయడం నేను చూడలేకపోయాను.

ఆవిడకు అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక, మాడిన నూనె పారబోసి, బాణలి కడిగి, కొత్త వెల్లుల్లి వలిచి ఆయన చేతిలో పెట్టింది. పొయ్యి దగ్గర ఆయన పక్కనే నిలబడి, తన ముక్కు చూపించి, "యూ కుక్. ఐ స్మెల్" అంది.

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. నూనె కాగింది. ఆయన జీలకర్ర వేసి చెవితో విన్నారు, ఉల్లిపాయ రంగు చూశారు, వెల్లుల్లి వేసి ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ గాలి పీల్చి తల అడ్డంగా ఊపింది, ఇంకా కాలేదని. మళ్లీ పీల్చి, "నౌ!" అంది. ఆయన బాణలి ఎత్తి పప్పులో కుమ్మరించారు. ఆ సాయంత్రం ఆ బల్ల చుట్టూ ఏ దేశాలవాళ్లున్నారో నాకు గుర్తులేదు గానీ, గిన్నె అడుగు కనబడింది. కొరియన్ కుర్రాడు రొట్టెతో గిన్నె తుడుచుకు తిన్నాడు.

నా మనసు మాత్రం కుదుట పడలేదు. ఏడాదిగా పక్కనే ఉన్నాను. డాక్టర్ల దగ్గరికి తిప్పాను, సీసాలు పట్టుకు నిలబడ్డాను. పొయ్యి పక్కన నిలబడి నేను వాసన చూస్తాను, మీరు వండండి అన్న మాట నాకు తోచలేదు. ముక్కూ మొహం తెలియని ఆవిడకు ఒక్క క్షణంలో తోచింది. అది నా తప్పని ఆయన అనరు. నేనూ అనుకోను. కానీ ఆ ఏడాది మాకు తిరిగి రాదు.

కొండ దిగాక మాకు మంచిరోజులే. దారి పక్క తోటల్లో చెర్రీలు. కాల్చి తోలు తీసిన ఎర్రటి పెద్ద మిరపకాయలు. మళ్లీ ఇంకో కొండెక్కితే గలీసియా అనే ప్రాంతం వస్తుంది, అక్కడంతా వానా, పచ్చదనమూ. పైన రాతిగుడిసెల ఊళ్లో తాజా జున్ను మీద తేనె పోసి పెట్టారు. తీపి ఆయనకు తెలుస్తుంది కాబట్టి ఇద్దరం ఒకేసారి తిన్నాం.

ఇంకో ఊళ్లో పళ్లెం నిండా చిన్న చిన్న పచ్చిమిరపకాయలు, నూనెలో వేయించి ఉప్పు చల్లినవి. వీటిలో చాలావరకు కారంగా ఉండవు, ఎక్కడో ఒకటి మాత్రం మండిస్తుంది, ఏది మండుతుందో తినేదాకా తెలియదు అన్నాడు హోటలాయన. ఇది ఆయనకు పండగే అయింది. మంట తెలుసుకోవడానికి ముక్కు అక్కర్లేదు. ఒక్కొక్కటీ తొడిమ పట్టుకుని నోట్లో వేసుకోవడం, ఎదురుచూడటం. చప్పగా ఉంటే తల ఊపడం. పళ్లెం సగమయ్యాక ఉన్నట్టుండి ఆయన కళ్లు ఎర్రబడ్డాయి, ముక్కు కారింది. "దొరికింది!" అని బల్ల మీద కొట్టారు. పక్క బల్ల వాళ్లు చప్పట్లు కొట్టారు. ఇంకో పళ్లెం తెప్పించుకున్నాం. ఆయన అలా నవ్వగా చూసి ఎంత కాలమైందో.

ఆ మర్నాడు మెలిదె చేరాం. ఫోటోలోని ఆక్టోపస్ ఆ ఊరిదే. వీధి వైపు కిటికీలో పెద్ద రాగి బానలో ఆక్టోపస్‌లు ఉడుకుతున్నాయి. ఒకామె ఒక్కోదాన్ని కొంకితో పైకి లాగి, కత్తెరతో చకచకా ముక్కలు కత్తిరించి చెక్కపళ్లెంలో వేసి, కల్లుప్పు, ఎర్రకారం, ఆలివ్ నూనె వేసి ఇస్తోంది. పొడుగాటి బల్లల మీద కూర్చున్నాం. పళ్లెం మా మధ్య పెట్టింది. అచ్చం ఫోటోలో ఉన్నట్టే ఉంది.

ఈసారి ఆయన నాకోసం ఆగలేదు. పుల్లతో ఒక ముక్క గుచ్చుకుని తిన్నారు. నమిలారు. ఇంకొకటి తిన్నారు. మూడోది తిని పుల్ల కింద పెట్టేశారు.

"మెత్తగా ఉంది. ఉప్పుగా ఉంది" అన్నారు.

నేను తిన్నాను. ఏం చెప్పను? సముద్రం ఉంది అందులో. పొగ ఉంది, నూనె ఉంది, అవన్నీ కాక ఇంకేదో ఉంది. నోరు తెరిచాను గానీ ఒక్క మాటా బయటికి రాలేదు. ఏడుపొచ్చింది.

"దీనికి మనం ఆలస్యంగా వచ్చాం" అన్నారు ఆయన. గొంతులో కోపం లేదు. "ఆ ఏడాది లాయర్ మాట వినకుండా వచ్చేసి ఉంటే..." అని ఆగిపోయారు.

"చెప్తానుండండి. నీచు వాసన అసలు లేదు..."

"వద్దులే. తిను. నువ్వు తింటుంటే చూస్తాను."

పళ్లెమంతా నేనే తిన్నాను. ఆయన ఎదురుగా కూర్చుని చూశారు.

సాంతియాగో చేరినప్పుడు చర్చి నిండా జనం. మా అదృష్టం కొద్దీ, పైకప్పు నుంచి తాడుతో వేలాడే పెద్ద ధూపపాత్రను ఆ రోజు ఊపారు. అది మా తలల మీద నుంచి ఆ చివరికీ ఈ చివరికీ ఊగుతుంటే గుడి నిండా సాంబ్రాణి కమ్ముకుంది. చుట్టూ అందరూ గుండెల నిండా పీల్చుకున్నారు. నేను అక్కడి దేవుణ్ని తెలుగులోనే అడిగాను. అడిగి, పక్కకు తిరిగి ఆయన మొహం చూశాను. ఆయన పాత్రనే చూస్తున్నారు. "ఆ తాడు ఎంత బలమైందో" అన్నారు.

ఇంటికి వచ్చాక మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఇంత కాలమైనా రాలేదంటే ఇక వస్తుందని ఆశ పెట్టుకోకండి అని ఆవిడ మర్యాదగానే చెప్పింది. పార్కింగ్ లాట్‌లో కారు స్టార్ట్ చేయకుండా కాసేపు కూర్చున్నాం. ఏసీ లేక ఉడికిపోతోంది. "శనివారం ఎవర్ని పిలుద్దాం?" అన్నారు ఆయన.

ఇప్పుడు మా ఇంట్లో ఆయన వండుతారు, నేను పొయ్యి పక్కన నిలబడతాను. "ఇప్పుడా?" అంటారు. "ఇంకొంచెం" అంటాను. నా ముక్కు ఆయన ముక్కు కాదు. గోంగూరలో పులుపు ఒక్కోసారి ఎక్కువవుతోంది, మసాలా ఒక్కోసారి పచ్చిగా ఉంటోంది. వచ్చినవాళ్లు మారు వడ్డించుకుంటారు, అంకుల్ వంట అంకుల్ వంటే అంటారు. పూర్వం అలా అనేవాళ్లు కాదు, మాటల్లేకుండా తినేవాళ్లు.

మొన్న శనివారం ఒక కొత్తజంట వచ్చారు. అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది. "అంకుల్, స్పెయిన్‌లో ఫుడ్ ఎలా ఉంది?" అని అడిగింది. ఆయన చెప్పడం మొదలుపెట్టారు. వెల్లుల్లిని ఎర్రబడనివ్వకుండా ఎలా వేయిస్తారో, కారం కట్టెల పొయ్యి మీద కాల్చి రోట్లో నూరినట్టు ఎలా ఉంటుందో, బంగాళదుంపలు నూనెలో వేగవని, ఉడుకుతాయని. అన్నీ నేనన్న మాటలే. ఒక్క అక్షరం మారలేదు. తను తిని తెలుసుకున్నట్టే, చేతులు తిప్పుతూ చెప్తున్నారు. ఆ పిల్లలిద్దరూ కంచాలు వదిలేసి వింటున్నారు.

"మరి ఆక్టోపస్?" అంది ఆ అమ్మాయి.

ఆయన ఆగి, నా వైపు చూశారు. "అది మాత్రం మీ ఆంటీని అడగాలి" అన్నారు.

అందరూ నా వైపు తిరిగారు. "చాలా బాగుంటుంది" అన్నాను. అంతకు మించి చెప్పలేకపోయాను. పెరుగు గిన్నె తెచ్చే నెపంతో వంటింట్లోకి వెళ్లి కాసేపు అక్కడే నిలబడ్డాను. ఆయన దగ్గరున్న స్పెయిన్ అంతా నా మాటల్లోంచి వెళ్లిందే. ఆ మధ్యాహ్నం మెలిదెలో ఆయన వద్దన్నా సరే, తడబడుతూనైనా చెప్పి ఉండాల్సింది.